కీలు మారింది, మాట తడబడుతోంది: తప్పు మత్తుసూదిదేనా?

క్లుప్తంగా: కీళ్ల మార్పిడి తర్వాత పెద్దవాళ్లలో కనిపించే తికమక, మతిమరుపు ఒకే జబ్బు కాదు. మూడు నాలుగు రోజుల్లో వచ్చిపోయేది ఒకటి, వారాల తరబడి సాగేది ఇంకొకటి, ఎప్పటినుంచో ఉండి ఆపరేషన్‌తో బయటపడేది మరొకటి. నింద ఎక్కువగా మత్తు మీద పడుతోంది. కానీ పెద్ద పరిశోధనలు వేలు చూపేది వాపు, నిద్రలేమి, రక్తంలో సోడియం తగ్గడం, మందుల సంచి, మెదడులో ముందే తరిగిన నిల్వల వైపు. వీటిలో కొన్ని ఆపరేషన్‌కు ముందే సరిచూసుకోగలిగినవి.

రెండో రాత్రి

మోకాలు మార్చిన రోజు ఎలాగో గడిచిపోతుంది. మర్నాడు ఫిజియోథెరపిస్టు వచ్చి వాకర్ పట్టించి నాలుగడుగులు వేయిస్తాడు. పెద్దాయన కాఫీ అడిగి తాగుతాడు, అమెరికాలో ఉన్న కూతురితో వీడియోలో మాట్లాడతాడు. గండం గడిచిందని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. ఆ రాత్రి రెండు గంటలకు ఆయన మంచం మీద లేచి కూర్చుని, చేతికున్న సెలైన్ గొట్టం పీకేసి, "బ్యారన్‌లో మంట తగ్గింది, కట్టెలెయ్యండిరా" అంటాడు. పొగాకు సాగు మానేసి, ఆకు కాల్చే ఆ బ్యారన్ ఆపేసి పదిహేనేళ్లయింది. పక్కనున్న భార్యను చూసి, "నువ్వెప్పుడొచ్చావు ఈడికి?" అంటాడు. తెల్లారేసరికి మామూలు మనిషి. పొద్దుగూకేసరికి మళ్లీ మొదలు.

కొండపి, టంగుటూరు వైపు వాళ్లయితే పొగాకు బ్యారన్. కోవూరు, ఇందుకూరుపేట వైపు వాళ్లయితే వరిచేలో మడవ, రొయ్యల గుంటలో ఏరేటరు. తికమకలో మనసు పరుగెత్తేది తరచూ బతుకంతా రాత్రుళ్లు మేలుకుని చేసిన పని దగ్గరికే.

పాతకాలం వాళ్లు ఇలాంటి స్థితిని సన్నిపాతం అనేవాళ్లు. ఒంట్లో ఏదో చెడి, అది తలకెక్కి మనిషి పలవరిస్తున్నాడని ఆ మాటకు అర్థం. ఇప్పుడా మాట పోయి, "మత్తు ఇంకా దిగలేదు" అనే మాట వచ్చింది. వైద్యం దృష్టితో చూస్తే పాత మాటే నిజానికి దగ్గర. నడుముకిచ్చే ఇంజెక్షన్ ప్రభావం కొన్ని గంటల్లో పోతుంది. పూర్తి మత్తుకు వాడే వాయువులు కూడా అంతే, మనిషి కళ్లు తెరిచి మాట్లాడేనాటికే చాలావరకు ఊపిరితో బయటికి వెళ్లిపోతాయి. తికమక మొదలయ్యేది మాత్రం ఎక్కువగా ఒకటో రోజుకూ మూడో రోజుకూ మధ్య. మందు దిగిపోయాక మొదలైన దానికి మందునొక్కదాన్నే కారణంగా చెప్పడం కుదరదు.

ఒక్క మాట కింద మూడు సంగతులు

మొదటిది డెలీరియం. హఠాత్తుగా వస్తుంది, గంటగంటకూ మారుతుంది, ధ్యాస నిలవదు. దీన్ని గుర్తించేందుకు 1990లో వచ్చిన పద్ధతి ఇప్పటికీ ప్రపంచమంతా వాడుకలో ఉంది. హఠాత్తుగా మొదలై హెచ్చుతగ్గులుగా ఉండటం, ధ్యాస నిలవకపోవడం అనే రెండూ ఉండి, వాటికి తోడు మాటల పొంతన తప్పడం గానీ, మెలకువ స్థాయిలో తేడా గానీ ఉంటే అది డెలీరియమే. ఇందులో అరిచి గోల చేసే రకం అందరి కంటా పడుతుంది. రెండో రకం ఎవరికీ పట్టదు. మనిషి కళ్లు మూసుకుని పడుంటాడు, పిలిస్తే ఊ అంటాడు, నోట్లో పెట్టిన ముద్ద నమలకుండా అట్టే ఉంచుకుంటాడు. "పాపం నొప్పి తగ్గి నిద్రపోతున్నాడు" అని చుట్టాలు పళ్లు పెట్టి వెళ్లిపోతారు. వయసు మీరినవాళ్లలో ఈ మౌనపు రకం తక్కువేమీ కాదు, ఆలస్యంగా బయటపడుతుంది కాబట్టి ప్రమాదం కూడా దీనిలోనే ఎక్కువ.

రెండోది నెమ్మదైనది. డిశ్చార్జి అయి ఇంటికొచ్చాక పేపర్లో ఒక వార్త చివరిదాకా చదవలేకపోవడం, చీటీపాట లెక్క తప్పడం, చెప్పిందే చెప్పడం. ఆపరేషన్ తర్వాత 30 రోజుల్లోపు ఉంటే దాన్ని మెదడు ఆలస్యంగా కోలుకోవడంగానూ, ఆ తర్వాత ఏడాదిలోపు కొనసాగితే ప్రత్యేక రుగ్మతగానూ పిలవాలని 2018లో అంతర్జాతీయ నిపుణులు పేర్లు ఖరారు చేశారు. దీని మీద వచ్చిన మొదటి పెద్ద పరిశోధన 1998 నాటిది. గుండె ఆపరేషన్లను మినహాయించి, పెద్ద ఆపరేషన్లు చేయించుకున్న 60 ఏళ్లు దాటిన 1,218 మందిని పరీక్షించారు. వారం తర్వాత 25.8 శాతం మందిలో, మూడు నెలల తర్వాత 9.9 శాతం మందిలో జ్ఞాపకశక్తి, ధ్యాస తగ్గినట్టు తేలింది. ఆపరేషన్ లేకుండా అవే పరీక్షలు రాసినవాళ్లలో మూడు నెలలప్పుడు ఈ సంఖ్య 2.8 శాతం. అంటే సమస్య నిజమే. మొదటి వారంలో కనిపించినదాంట్లో పెద్ద భాగం మూడు నెలలకు సర్దుకుంటుందన్నదీ నిజమే.

మూడోది అంతకుముందే ఉన్న డిమెన్షియా, అంటే మెల్లగా ముదిరే మతిమరుపు జబ్బు. దేశంలో 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి అది ఉన్నట్టు జాతీయ స్థాయి అధ్యయనం ఒకటి 2023లో అంచనా వేసింది. ఆడవాళ్లలోనూ, పల్లెల్లోనూ ఎక్కువ. అయితే పల్లెలో అది అంత త్వరగా కంటపడదు. వంట కోడలు చేస్తుంది, బ్యాంకు పని కొడుకు చూస్తాడు, నడిచే దారి నలభై ఏళ్లుగా అదే. మెదడుకు కొత్త పని పడకపోతే లోటు పైకి రాదు. ఆస్పత్రి గదిలో నాలుగు రోజులు ఉంచితే వచ్చేస్తుంది. "ఆపరేషన్ దాకా బాగానే ఉన్నాడు" అనే మాట వెనుక చాలాసార్లు ఉండేది ఇదే.

నడుముకా, పూర్తి మత్తా?

ఆపరేషన్‌కు ముందు బంధువులు గట్టిగా పట్టుబట్టేది ఈ ఒక్క విషయంలోనే. పూర్తి మత్తు ఇస్తే తలమీదికొస్తుందనీ, నడుముకిస్తే భయం లేదనీ నమ్మకం. ఈ అనుమానం డాక్టర్లకూ కొత్తది కాదు. మత్తు వల్ల ముసలివాళ్ల మెదడుకు కీడు జరుగుతోందంటూ బ్రిటన్ వైద్య పత్రికలో వ్యాసం 1955లోనే వచ్చింది.

నిజంగా పోల్చి చూడటం ఈమధ్యే జరిగింది. అమెరికా, కెనడాల్లో తుంటి విరిగిన 1,600 మందిని చీటీ తీసినట్టు రెండు జట్లు చేసి, ఒక జట్టుకు నడుముకూ, రెండో జట్టుకు పూర్తిగానూ మత్తిచ్చారు. 2021లో వచ్చిన ఫలితాల్లో డెలీరియం నడుం ఇంజెక్షన్ జట్టులో 20.5 శాతం, పూర్తి మత్తు జట్టులో 19.7 శాతం. మరుసటి ఏడాది చైనా నుంచి 65 దాటిన 950 మంది మీద ఇంకో పరిశోధన వచ్చింది. అక్కడ 6.2 శాతం, 5.1 శాతం. ఒకచోట 20, ఇంకోచోట 6 రావడానికి పరీక్షించిన తీరు మొదలు చాలా కారణాలుంటాయి. రెండు చోట్లా ఒకే సంగతి తేలింది, రెండు రకాల మత్తుకూ మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు.

నడుం ఇంజెక్షన్‌కు వేరే లాభాలుండొచ్చు, గుండె, ఊపిరితిత్తుల పరిస్థితిని బట్టి ఏది మేలో మత్తు డాక్టరు చెప్పాల్సిన మాట. మెదడు కోసం మాత్రం ఈ ఒక్క ప్రశ్న మీద అరగంట వాదించి, మందుల సంచి గురించి అర నిమిషం కూడా మాట్లాడకపోవడం గురి తప్పిన జాగ్రత్త. ఇంకో చిన్న సంగతి. "నడుముకే ఇచ్చారు" అన్నవాళ్లలోనూ చాలామందికి భయం తెలియకుండా నిద్రమత్తు కూడా కలిపి ఇస్తారు. దానికి మిడజోలమ్ లాంటి మందు వాడితే పెద్దవయసులో దాని ప్రభావం కుర్రవాళ్లలో కన్నా ఎక్కువసేపు నిలుస్తుంది. అడగాల్సింది నడుముకా పూర్తిగానా అని కాదు, నిద్రమత్తు ఎంత, ఏ మందుతో అని.

మోకాలి గాయం మెదడుకెలా తెలుస్తుంది

మోకీలు మార్చడమంటే తొడ ఎముక చివరనూ, కాలి ఎముక పైభాగాన్నీ కోసి లోహపు తొడుగు బిగించడం. శరీరం దృష్టిలో అది పెద్ద గాయం. గాయమైన చోటినుంచి వాపు సంకేతాలు రక్తంలోకి వెళ్తాయి. రక్తపరీక్షలో సీఆర్‌పీ అని కనిపించే వాపు గుర్తు పతాకస్థాయికి చేరేది రెండో, మూడో రోజున. తికమక బయటపడే రోజులూ సుమారుగా అవే. రక్తానికీ మెదడుకూ మధ్య ఉండే జల్లెడ లాంటి కాపలా వయసుతో కొంత వదులవుతుంది. వాపు సంకేతాలు దాన్ని ఇంకాస్త వదులు చేస్తాయి. లోపలున్న రక్షణ కణాలు రేగితే నాడీకణాల మధ్య కబుర్లు మోసే రసాయనాలు తప్పు తూకంలో పడతాయి. ధ్యాసకూ జ్ఞాపకానికీ ముఖ్యమైన ఎసిటైల్‌కోలిన్ వాటిలో ఒకటి. వయసుతో అది ఎటూ తగ్గుతుంది.

ఇదే ఆపరేషన్ అయిన 55 ఏళ్ల టీచరు మూడో రోజు పేపర్లో పజిల్ నింపుతుంటే, 78 ఏళ్ల ఆమె పగలేదో రాత్రేదో తెలియక తల్లడిల్లడానికి తేడా నిల్వల్లో ఉంది. నిండు చెరువుకు ఒక ఎండాకాలం లెక్కలోది కాదు, అడుగంటిన చెరువు అదే ఎండకు బీటలు వారుతుంది.

ఎముక కోసేటప్పుడు మూలుగలోని కొవ్వు చుక్కలు రక్తంలోకి చేరడం మరో సంగతి. ఎక్కువమందిలో ఏమీ కాదు. అరుదుగా 24 నుంచి 72 గంటల్లో ఆయాసం, తికమక, చర్మం మీద ఎర్రటి సన్నని చుక్కలు కలిసి కనిపిస్తాయి, అది అత్యవసరం. రెండు మోకాళ్లూ ఒకే పూట మార్చినప్పుడు ఈ ముప్పు పెరుగుతుంది. ఒకే ఖర్చు, ఒకే సెలవు అన్న లెక్కతో 75 దాటినవాళ్లకు రెండూ ఒకేసారి చేయించాలనుకునేవాళ్లు ఈ సంగతి డాక్టరుతో విడిగా మాట్లాడాలి.

మందుల సంచి, పత్యం, పరాయి భాష

కారణాలు ఎక్కడైనా అవే అయినా, ఉమ్మడి ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో వాటికి స్థానిక రూపాలున్నాయి.

ముందు మందుల సంచి. మోకాళ్ల నొప్పులతో పదేళ్లు గడిపిన మనిషి ఆపరేషన్ దాకా రావడానికి ముందు ఊరి ఆర్‌ఎంపీ ఇంజెక్షన్లు, మెడికల్ షాపు బిళ్లలు, ఎవరో చెప్పిన పొట్లాలు అన్నీ దాటి వస్తాడు. వాటిలో నొప్పి బిళ్లలు కిడ్నీలను దెబ్బతీసి ఉండొచ్చు. పొట్లాల్లో స్టిరాయిడ్ ఉంటే, ఆ సంగతి చెప్పకుండా హఠాత్తుగా ఆపితే, ఆపరేషన్ ఒత్తిడికి శరీరం తట్టుకోలేక బీపీ పడిపోయి మనిషి మందకొడిగా అవుతాడు. నిద్రకోసం ఏళ్లుగా వేసుకునే అల్‌ప్రాజోలమ్ ఆస్పత్రిలో ఆగిపోతే అదే తికమక తెస్తుంది, మోతాదు పెంచినా తెస్తుంది. దురదకూ, రక్తం ఎక్కించే ముందూ ఇచ్చే ఫెనిరమైన్ (జనం నోట అవిల్), ప్రొమెథజిన్, వణుకు తగ్గడానికి వాడే ట్రైహెక్సీఫెనిడిల్, నరాల నొప్పికి రాసే అమిట్రిప్టిలిన్ నాలుగూ ఒకే జబ్బు మందులు కావు. అయినా నాలుగూ ఎసిటైల్‌కోలిన్‌కు అడ్డుపడతాయి. పెద్దవయసులో వీలైనంత మానాల్సిన మందుల అంతర్జాతీయ జాబితాల్లో ఈ తరహా మందులు ఏళ్లుగా ఉన్నాయి.

కిడ్నీల మాట ఉమ్మడి ప్రకాశం జిల్లాలో మరీ ముఖ్యం. కనిగిరి, దర్శి ప్రాంతాల భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ సమస్య పాతది, కిడ్నీ రోగుల కథనాలూ అక్కడి నుంచి తరచూ వస్తూనే ఉన్నాయి. ఆపరేషన్ తర్వాత నొప్పికి ఈమధ్య విరివిగా ఇస్తున్న ప్రీగాబలిన్, గాబాపెంటిన్ బయటికి పోవాల్సింది మూత్రం ద్వారానే. కిడ్నీ పనితీరు సగానికి పడినవాళ్లకు మామూలు మోతాదు ఇస్తే మందు ఒంట్లో పేరుకుని తూగు, తికమక తెస్తుంది. కిడ్నీల కోసం చేసే క్రియాటినిన్ రక్తపరీక్ష ఒక్కటే చూస్తే ఇది తప్పిపోతుంది. కండ తగ్గిన ముసలివాళ్లలో అది పైకి మామూలుగానే కనిపిస్తుంది. వయసు, బరువు కలిపి కిడ్నీ పనితీరు లెక్కకట్టాలి. దీర్ఘకాలం ఫ్లోరైడ్ నీళ్లు తాగి వెన్ను బిగుసుకుపోయినవాళ్లకైతే నడుం ఇంజెక్షన్ ఎక్కించడమే కష్టం కావొచ్చు.

తర్వాత పత్యం. కోత పడితే ఉప్పూకారం తగ్గించి చప్పిడి కూడు పెట్టడం మన ఇళ్లలో మామూలే. బీపీకి వేసుకునే బిళ్లల్లో చాలావాటిలో హైడ్రోక్లోరోథయజైడో, క్లోర్తాలిడోనో కలిసి ఉంటుంది, అవి సోడియాన్ని బయటికి తోస్తాయి. పెద్ద ఆపరేషన్ తర్వాత శరీరం నీటిని పట్టి ఉంచుకుంటుంది. ఈ మూడూ కలిసిన మనిషికి ఉప్పులేని జావ, గ్లాసుల కొద్దీ నీళ్లు పడితే సోడియం 135 నుంచి 145 మధ్య ఉండాల్సింది 120ల్లోకి దిగుతుంది. మనిషి మాట ముద్దగా వస్తుంది, మగతగా ఉంటాడు. చవకైన రక్తపరీక్షతో తెలిసిపోయే దీన్ని "పెద్ద వయసు గదా" అని వదిలేసిన సందర్భాలు తక్కువేం కావు.

మూడోది భాష. ఉమ్మడి నెల్లూరు జిల్లా నుంచి, ముఖ్యంగా గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట వైపు నుంచి పెద్ద ఆపరేషన్లకు చెన్నై వెళ్లడం తరాల అలవాటు. అక్కడి వైద్యం మీద పేచీ ఏమీ లేదు. కానీ రాత్రి రెండు గంటలకు కళ్లు తెరిచిన తెలుగు ముసలామెకు చుట్టూ వినిపించేది తమిళం. కళ్లద్దాలు సంచిలో, వినికిడి యంత్రం ఇంట్లో, కట్టుడు పళ్లు డబ్బాలో, గోడకు గడియారం లేదు, ఐసీయూలో లైటు ఆర్పరు. తానెక్కడున్నదో తెలుసుకోవడానికి మెదడు వెతుక్కునే ఆనవాళ్లన్నీ ఒకేసారి పోయినట్టే. ఒంగోలు నుంచి హైదరాబాదు వెళ్లినవాళ్లకు భాష బాధ తప్పుతుంది గానీ, మిగతావన్నీ షరా మామూలే.

నాలుగోది ఇంట్లో దాచే విషయం. రోజూ క్వార్టర్ పట్టించే మనిషికి ఆస్పత్రిలో తాగుడు ఆగిపోతే వణుకు ఆ రోజే మొదలుకావొచ్చు, తీవ్రమైన పలవరింతలు రెండు నుంచి నాలుగు రోజుల మధ్య వస్తాయి. ఇది మామూలు డెలీరియం కాదు, వైద్యం వేరు, ప్రాణాపాయం కూడా. కోడలి ముందు, డాక్టరమ్మ ముందు "అప్పుడప్పుడూ" అని చెప్పే అలవాటు అసలు లెక్క ఎంతో మత్తు డాక్టరుకు చేరడం ముఖ్యం. చుట్ట, పొగాకు సంగతీ దాచకూడనిదే.

తుంటి వేరు, మోకాలు వేరు

బాత్‌రూంలో జారి తుంటి విరిగి వచ్చినవాళ్లలో డెలీరియం ముప్పు, తేదీ పెట్టుకుని మోకాలు మార్పించుకున్నవాళ్లకన్నా బాగా ఎక్కువ. సగటు వయసు ఎక్కువ, విరిగిన ఎముక నొప్పి, తిండీ నీళ్లూ లేని గంటలు, బీపీ షుగరు సర్దుకునే వ్యవధి లేకపోవడం కలిసొస్తాయి. పట్నం చేర్చడంలో ఆలస్యం దానికి తోడు. మోకాలి విషయంలో తేదీ మన చేతిలో ఉంటుంది. ఉపవాసం సంగతి కూడా అంతే. ఘనాహారం ఆరు గంటల ముందు, పాలు కలపని ద్రవాలు రెండు గంటల ముందు ఆపితే చాలన్నది ఇప్పటి సాధారణ నియమం. డాక్టరు వేరేగా చెప్పకపోతే రాత్రి ఎనిమిది నుంచి మర్నాడు మధ్యాహ్నం దాకా చుక్క నీళ్లు లేకుండా ఉంచాల్సిన పనిలేదు.

వార్డులో పనిచేసేవి

దీని మీద రుజువైన వైద్యంలో మందుల వాటా తక్కువ. అమెరికాలో 70 దాటిన 852 మంది రోగుల మీద (ఆపరేషన్ వార్డు కాదు, జనరల్ వార్డు) చేసి 1999లో ప్రచురించిన పరిశోధనలో చేసిందల్లా రోజుకు కొన్నిసార్లు తేదీ, స్థలం గుర్తుచేయడం, కళ్లద్దాలు, వినికిడి యంత్రం పెట్టడం, నీళ్లు తాగించడం, నడిపించడం, రాత్రి నిద్ర చెడగొట్టకపోవడం. డెలీరియం 15 శాతం నుంచి 9.9 శాతానికి తగ్గింది. తుంటి విరిగినవాళ్లను వృద్ధుల వైద్య నిపుణుడు రోజూ చూసి సలహాలిచ్చిన మరో పరిశోధనలో 50 శాతం ఉండాల్సింది 32 శాతమైంది. మన జిల్లాల్లో అలాంటి నిపుణులు దొరకడం కష్టం. అయితే ఈ పనుల్లో చాలావరకు చేయగలిగిన మనిషి మన ఆస్పత్రుల్లో మంచం పక్కనే ఉంటాడు. అటెండరుగా రాత్రికి ఒకరు, పగటికి ఒకరు, మర్నాడు ఇంకొకరు మారే బదులు ఒకే తెలిసిన ముఖం మూడు రాత్రులు ఉంటే మేలు. ఊరి నుంచి వచ్చే పరామర్శ బృందాలు నాలుగో రోజు దాకా ఆగితే ఇంకా మేలు.

నొప్పి అణచుకోవడం గొప్ప కాదు, తీరని నొప్పి కూడా తికమక తెస్తుంది. నొప్పి తెలియకుండా నరానికిచ్చే ఇంజెక్షన్ (బ్లాకు), వేళకు పారాసెటమాల్ ఉంటే మత్తెక్కించే నొప్పి మందుల అవసరం తగ్గుతుంది. మూత్రం బిగుసుకుపోవడం, మలబద్ధకం కూడా చూడాల్సినవే. పొద్దుటినుంచి అల్లాడుతున్న మనిషి మూత్రపు గొట్టం (కెథటర్) వేసిన పది నిమిషాలకు నెమ్మదించడం నర్సులకు తెలిసిన సంగతే. చేతులు కట్టేయడం గొడవను పెంచుతుంది. హాలోపెరిడాల్ లాంటి, మనిషిని నెమ్మదింపజేసే మందులు తనకో పక్కవాళ్లకో హాని చేసే స్థితిలో మాత్రమే, తక్కువ మోతాదులో ఇవ్వాలి. మూతి వంకర, ఒక పక్క చెయ్యో కాలో పడిపోవడం, మాట హఠాత్తుగా పోవడం ఉంటే అది తికమక కాదు, పక్షవాతం. గంటలు కాదు, నిమిషాలు లెక్కపెట్టాలి.

ఇంటికొచ్చిన తర్వాత

డెలీరియం తగ్గిపోతే కథ అయిపోయినట్టేనా అన్న ప్రశ్నకు జవాబు అంత తేలిక కాదు. కీళ్ల మార్పిడితో పాటు మరికొన్ని పెద్ద ఆపరేషన్లు చేయించుకున్న 70 దాటిన 560 మందిని ఆరేళ్లు గమనించిన అమెరికా అధ్యయనం 2023లో వెలువడింది. డెలీరియం వచ్చినవాళ్లలో ఆలోచనాశక్తి తరిగే వేగం మిగతావాళ్లకన్నా 40 శాతం ఎక్కువ. తికమకే ఆ తరుగుదలకు కారణమా, లేక ముందే మొదలైన తరుగుదలకు అది తొలి గుర్తా అన్నది ఇంకా తేలలేదు. ఏదైనా సరే, ఆస్పత్రిలో పలవరించిన మనిషిని ఆ తర్వాత కాస్త కనిపెట్టి ఉండాలి.

దీనికి రెండో పక్క కూడా ఉంది. ఏళ్ల తరబడి నొప్పితో నిద్రలేక, బయటికి కదలక, నొప్పి బిళ్లల మీద బతికిన మనిషి మోకాలు బాగై రచ్చబండ దాకా నడవగలిగితే ధ్యాస మెరుగుపడటం కూడా జరుగుతుంది. ఈ భయంతో ఆపరేషన్ మానుకుని మంచానికి అతుక్కుపోవడం మెదడుకు మేలేమీ చేయదు.

మూడు నెలలు దాటినా మరుపు తగ్గకపోతే బీ12, థైరాయిడ్, సోడియం, షుగరు పరీక్షలతో మొదలుపెట్టాలి. ఏళ్లుగా షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో బీ12 తగ్గడం మామూలే. ఇక్కడో చిక్కుంది. "బాగానే ఉండేవాడు" అన్న మాట తప్ప ఆపరేషన్‌కు ముందు లెక్క ఏదీ ఫైలులో ఉండదు. గడియారం బొమ్మ గీయించే పరీక్ష బడికి పోని ముసలామెకు పనికిరాదు. నోటితో అడిగేవి చాలు. వారాలు వెనక్కి చెప్పమనడం, శనివారం, శుక్రవారం, గురువారం అంటూ ఆదివారం దాకా. చదువులేకపోయినా తిథులూ పండగలూ ఎరిగినవాళ్లను నెలలు వెనక్కి అడగొచ్చు, ఫాల్గుణం, మాఘం, పుష్యం. మూడు మాటలు చెప్పి ఐదు నిమిషాల తర్వాత మళ్లీ అడగడం. ఎక్కడ ఆగారో, ఎన్ని తప్పాయో తేదీ వేసి ఫైలు మొదటి పేజీలో రాసుకుంటే, రెండో రాత్రి బ్యారన్ మంట గురించి మాట్లాడే మనిషిని అవే అడిగినప్పుడు పక్కన పెట్టి చూసుకోవడానికి ఒక కాగితం ఉంటుంది.